రోగము బయటపడక మునుపే: ఒక భీమా చరిత్ర

గడ్డివాము కాలిపోయినచో, భీమా కట్టిన రైతుకు పరిహారము ముట్టును. కాని వాము అంటుకొనకుండ ప్రక్కనే తొట్టినిండ నీరు పెట్టుకొనుటకు ఏ భీమా సంఘమును డబ్బు ఇవ్వదు. నష్టము జరిగిన తరువాత లెక్క చూచుట భీమాకు పుట్టుకతో వచ్చిన స్వభావము. ధాన్యము, ఓడ, ఇల్లు మొదలైన వస్తువుల విషయములో ఈ పద్ధతి చక్కగనే సాగినది. మనిషి దేహము దగ్గరకు వచ్చుసరికి చిక్కు పడినది. ఆ చిక్కు ఎట్టిదో, దానిని విడదీయుటకు ఎంత కాలము పట్టినదో తెలిసికొనవలెనన్న, అమెరికా దేశములో రొమ్ము క్యాన్సరును ముందుగా కనిపెట్టు పరీక్షకు భీమా డబ్బు ఎట్లు సమకూడినదో చూడవలెను.

మన పెద్దలు రాచపుండు అని భయపడిన వ్యాధులలో ఇది యొకటి. తొలి దశలో సాధారణముగ నొప్పి ఉండదు. చేతికి గడ్డ తగులునప్పటికి అది కొందరిలో చంకలోని గ్రంథులకు, అక్కడినుండి ఎముకలకు, ఊపిరితిత్తులకు పాకియుండును. చేతికి తగులక మునుపే కంటికి కనబడునా అన్న ప్రశ్న 20వ శతాబ్దపు ఆరంభమున పుట్టినది. 1913లో బెర్లిను నగరపు శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలొమన్, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్-రే తీసి, వ్యాధి జాడలు ఛాయాచిత్రములో కనబడునని గుర్తించినాడు. 1930లో న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరులో స్టాఫర్డ్ వారెన్ జీవించియున్న స్త్రీలకే ఆ పరీక్ష చేసి ఫలితములు ప్రకటించినాడు. 1960లో హ్యూస్టన్ నగరములోని ఎం. డి. ఆండర్సన్ ఆసుపత్రి వైద్యుడు రాబర్ట్ ఈగన్, ఇతరులు కూడ నేర్చుకొనుటకు వీలైన స్పష్టమైన పద్ధతిని లోకమునకు అందించినాడు. దీనికే మామోగ్రఫీ అని పేరు.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. గడ్డ తగిలిన స్త్రీకి ఈ పరీక్ష చేసినచో అది రోగనిర్ణయము. ఏ బాధయు లేక, ఇంటిపనులు చేసికొనుచున్న స్త్రీకి చేసినచో అది ముందస్తు పరీక్ష. ఇంగ్లీషువారు స్క్రీనింగ్ అందురు. యంత్రము ఒకటే, ఛాయాచిత్రము ఒకటే. కాని భీమా గుమాస్తా కంటికి ఈ రెండును వేరు వేరు. మొదటిది రోగము, రెండవది కేవలము అనుమానము. మన కథ అంతయు ఈ భేదము చుట్టునే తిరుగును.

అమెరికాలో ఆసుపత్రి భీమాకు మొదటి రూపము 1929లో టెక్సాస్ రాష్ట్రమందలి డాలస్ నగరములో ఏర్పడినది. బేలర్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రి వ్యవహారములు చూచుచుండిన జస్టిన్ ఫోర్డ్ కింబాల్, ఎందరో బడిపంతుళ్లు వైద్యపు బాకీలు తీర్చలేకపోవుట గమనించినాడు. నెలకు 50 సెంట్లు చెల్లించిన ఉపాధ్యాయునికి ఏటా 21 రోజుల ఆసుపత్రి వసతి లభించునట్లు ఏర్పాటు చేసినాడు. బ్లూ క్రాస్ భీమా సంఘములకు ఇదియే మూలము. రెండవ ప్రపంచయుద్ధ కాలములో జీతములు పెంచరాదని ప్రభుత్వము కట్టడి చేసినప్పుడు, యజమానులు జీతమునకు బదులు భీమా ఇచ్చి పనివారిని ఆకర్షించినారు. అట్లు ఉద్యోగముతోపాటు భీమా వచ్చు ఆచారము ఆ దేశములో స్థిరపడినది. కాని ఆ భీమా పుట్టినది ఆసుపత్రి మంచము చుట్టు. మంచమెక్కని మనిషికి దానితో పని లేదు.

దీనికి భిన్నమైన సంస్థ ఒకటి 1947లో న్యూయార్కులో ఆరంభమైనది. నగరపాలకుడుగా నుండిన ఫియొరెల్లో లా గార్డియా ప్రోద్బలముతో, ముఖ్యముగా నగర ఉద్యోగుల కొరకు ఏర్పడిన ఆ సంస్థ పేరు హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఆఫ్ గ్రేటర్ న్యూయార్క్. క్లుప్తముగా హిప్ అనెడివారు. నగర ఉద్యోగుల చందాలో సగము నగరమే భరించెడిది. వైద్యులు బృందములుగా కూడి, చేసిన ప్రతి పనికి కాక, తమ పట్టికలో ఉన్న మనుషుల సంఖ్యను బట్టి ప్రతిఫలము పొందెడివారు. అందువలన మనిషిని ఆరోగ్యముగా నుంచుట సంస్థకును లాభమే. మరియొక ముఖ్యవిషయమేమనగా, చందాదారుల పేర్లు, వయస్సులు, చిరునామాలు, వైద్యవృత్తాంతములు అన్నియు అక్కడ ఒక్కచోట భద్రముగా నుండెను.

అదే 1947లో న్యూయార్కు వైద్యుడు ఫిలిప్ స్ట్రాక్స్ భార్య బెర్తా, 39వ యేట రొమ్ము క్యాన్సరుతో మరణించినది. ఎక్స్-రే శాస్త్రములో నిపుణుడైన ఆ భర్త తన శేషజీవితమును ఆ వ్యాధిని ముందుగా పసిగట్టు ప్రయత్నమునకు వినియోగించినాడు. గణాంకశాస్త్రజ్ఞుడు శామ్ షాపిరో, శస్త్రవైద్యుడు లూయీ వెనెట్ ఆయనకు తోడైనారు. జాతీయ క్యాన్సరు సంస్థ ధనసహాయము చేసినది. 1963 డిసెంబరులో, 40 మొదలు 64 ఏళ్ల లోపు వయస్సుగల సుమారు 62,000 మంది హిప్ చందాదారులను రెండు సమాన భాగములుగా విభజించి పరిశోధన ప్రారంభించినారు. ఒక భాగమువారికి ఆహ్వానములు పంపి, మొదట ఒకసారి, ఆపైన మూడేళ్లు ఏటా ఒకసారి, వైద్యుని చేతిపరీక్షయు మామోగ్రఫీయు చేసినారు. రెండవ భాగమువారు తమ అలవాటు ప్రకారము వైద్యము పొందినారు. పిలిచినవారందరును రాలేదు, సుమారు మూడింట రెండు వంతులమంది మాత్రము మొదటి పరీక్షకు వచ్చినారు.

ఈ పరీక్షలవలన బయటపడిన 132 క్యాన్సరులలో 44 మామోగ్రఫీవలన మాత్రమే తెలిసినవి. 59 చేతిపరీక్షవలన మాత్రమే తెలిసినవి. తక్కిన 29 రెండింటను కనబడినవి. ఆనాటి యంత్రమునకున్న పరిమితియు, ఆనాటి వైద్యుని వ్రేళ్లకున్న నేర్పును ఈ అంకెలలో కనిపించును. పదేళ్లు గడచిన తరువాత చూడగా, పిలుపు అందుకొన్న భాగములో రొమ్ము క్యాన్సరు మరణములు రెండవ భాగములోకన్న సుమారు 30 శాతము తక్కువగా నుండెను. లక్షణములు లేని స్త్రీలకు పరీక్ష చేసి క్యాన్సరు మరణములను తగ్గింపవచ్చునని చూపిన మొదటి పెద్ద పరిశోధన ఇదియే. ఈ ప్రయోజనము 50 ఏళ్లు దాటినవారిలో త్వరగా తేటపడినది. అంతకు చిన్నవారిలో సందేహముగానే మిగిలినది. ఆ సందేహమునుండి తరువాత పెద్ద వివాదములు పుట్టినవి.

ఒక భీమా సంస్థ పట్టికలు లేనిచో ఈ సత్యము బయటపడెడిది కాదు. ఐనను ఆ సత్యమును ఆధారముగా గొని డబ్బు చెల్లించుటకు భీమాలోకము వెంటనే ముందుకు రాలేదు. గోటితో పోవుదానికి గొడ్డలి వరకు ఎందుకు తెచ్చుకొనవలెనని మనకు తోచును. కాని భీమా సంఘముల లెక్క వేరు. ఎప్పుడు ఎవరికి వచ్చునో తెలియని ఆపదను పదిమంది పంచుకొనుట భీమా. ఏటా తప్పక వచ్చు ఖర్చు ఆపద కాదు, దానిని ఎవరికి వారే పెట్టుకొనవలెనని వారి వాదము. రెండవ కారణము ఇంకను లోతైనది. ఉద్యోగము మారినచో భీమా సంఘము మారును. ఈనాడు పరీక్షకు డబ్బు పెట్టిన సంఘమునకు, పదేళ్ల తరువాత తగ్గిన చికిత్స ఖర్చు మిగులదు. అది వేరొక సంఘపు ఖాతాలో చేరును. విత్తనము ఒకరిది, పంట ఒకరిది అయినచోట విత్తువారు అరుదు.

ప్రభుత్వ భీమాయు ఈ మార్గమునే నడచినది. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్, వృద్ధుల కొరకు మెడికేర్ చట్టముపై సంతకము చేసినాడు. మాజీ అధ్యక్షుడు హారీ ట్రూమన్ మొదటి చందాదారుడైనాడు. రోగమునో గాయమునో నిర్ణయించుటకు, నయము చేయుటకు అవసరమైన సేవలకే డబ్బు చెల్లింపవలెనని ఆ చట్టము నియమించినది. అందుచేత రొమ్ములో గడ్డ ఉన్నదని చెప్పిన వృద్ధురాలికి ఎక్స్-రే ఖర్చు దొరకెడిది. గడ్డ లేదని నిజము చెప్పిన వృద్ధురాలికి దొరకెడిది కాదు. వయస్సుతోపాటు పెరుగు వ్యాధికి, వయస్సు మళ్లినవారి భీమాలోనే చోటు లేకపోయినది.

ప్రజల మనస్సును కదిలించినది 1974వ సంవత్సరము. అధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డుకు సెప్టెంబరు 28న రొమ్ము తొలగించు శస్త్రచికిత్స జరిగినది. అంతవరకు నలుగురిలో ఉచ్చరింపని ఆ వ్యాధి పేరును ఆమె దాచలేదు. కొలది వారములకే, ఉపాధ్యక్ష పదవికి పేర్కొనబడిన నెల్సన్ రాకెఫెల్లర్ భార్యకును అట్టి చికిత్సయే జరిగినది. దేశమంతట స్త్రీలు పరీక్షాకేంద్రముల యెదుట బారులు తీరినారు. అంతకు ముందే, 1973లో, జాతీయ క్యాన్సరు సంస్థయు అమెరికన్ క్యాన్సర్ సొసైటీయు కలిసి ప్రదర్శన కేంద్రములు నెలకొల్పి, సుమారు 2,80,000 మంది స్త్రీలకు ఖర్చు లేకుండ పరీక్షలు చేయుట ప్రారంభించియుండిరి. 1976లో జాన్ బెయిలర్ అను శాస్త్రజ్ఞుడు, చిన్నవయస్సు స్త్రీలకు పదే పదే ఎక్స్-రే తీయుటవలన మేలుకన్న కీడు ఎక్కువ కావచ్చునని హెచ్చరించినాడు. ఆ హెచ్చరిక ఫలితముగా 50 ఏళ్లలోపువారి పరీక్షకు కట్టుదిట్టములు ఏర్పడినవి. యంత్రములలో కిరణముల మోతాదు తగ్గించు యత్నములు సాగినవి.

1985లో స్వీడను దేశమునుండి మరియొక పెద్ద పరిశోధన ఫలితము వచ్చినది. అచ్చటను మరణములు దాదాపు మూడింట ఒక వంతు తగ్గినవని తేలినది. బ్రిటనులో 1986లో నిపుణుల సంఘము నివేదిక ఇచ్చినది. 1988లో జాతీయ ఆరోగ్యసేవ పక్షమున పరీక్షలు మొదలైనవి. అచ్చట ఒక్క ప్రభుత్వమే ఖర్చు పెట్టును, ఒక్క ప్రభుత్వమే ఫలము పొందును. కావున నివేదికకును ఆచరణకును నడుమ రెండేళ్లు చాలినవి. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రపు శాసనసభ ఒక్కొక్క చట్టము చేసి, తమ రాష్ట్రమందలి భీమా సంఘములు మామోగ్రఫీకి చెల్లింపవలెనని శాసింపవలసి వచ్చినది. ఆ చట్టములకును ఒక సందు ఉండెను: భీమా సంఘము ప్రమేయము లేక తమ సొంత నిధినుండి పనివారి వైద్యఖర్చు భరించు పెద్ద యజమానులకు రాష్ట్ర చట్టము వర్తింపదు.

మెడికేర్ కథ మరింత విచిత్రము. 1988లో కాంగ్రెసు ఆ చట్టమును విస్తరించుచు, 1990 జనవరి నుండి మామోగ్రఫీ ముందస్తు పరీక్షకు చెల్లింపు ఉండునని శాసించినది. కాని ఆ విస్తరణ ఖర్చును వృద్ధులలో కలిగినవారిపై అదనపు పన్నుగా వేసినది. వృద్ధులు మండిపడినారు. 1989 ఆగస్టులో షికాగో నగరములో, పన్నుల సంఘమునకు అధ్యక్షుడైన డాన్ రాస్టెన్‌కౌస్కీ కారును వారు చుట్టుముట్టినారు. ఆ ఏటి చివరనే చట్టము రద్దయినది. పన్నుపై కోపముతో పారవేసిన నీళ్లతోపాటు ఈ పరీక్షయు కొట్టుకొనిపోయినది. ఒక్క స్త్రీకైనను దాని ఫలము దక్కలేదు. 1990లో కాంగ్రెసు దానిని విడిగా మరల ప్రవేశపెట్టినది. 1991 జనవరి నుండి రెండేళ్లకు ఒకసారి పరీక్షకు చెల్లింపు వచ్చినది. 1998 నుండి అది ఏటా ఒకసారి అయినది. హిప్ పరిశోధన ఆరంభమైన 27 ఏళ్లకు వృద్ధురాలి చేతికి ఆ హక్కు అందినదన్నమాట.

భీమాయే లేని పేద స్త్రీల మాట ఏమి? వారి కొరకు 1990లోనే మరియొక చట్టము వచ్చినది. దాని ప్రకారము రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుల పరీక్షలు ఉచితముగ చేయుటకు రాష్ట్రములకు నిధులు లభించినవి. కాని ఆ నిధులను చికిత్సకు వినియోగింపరాదని నియమము. దీని అర్థమేమో ఒక్క క్షణము ఆలోచింపుడు. ప్రభుత్వము పేదరాలిని పిలిచి, పరీక్షించి, నీకు క్యాన్సరు ఉన్నదని చెప్పును. నయము చేయించుకొనుటకు డబ్బు మాత్రము ఇవ్వదు. వైద్యులు, కార్యకర్తలు దాతల చుట్టు, ఆసుపత్రుల చుట్టు తిరిగి ఒక్కొక్కరికి ఏదో విధముగ చికిత్స కుదుర్చవలసి వచ్చెడిది. రోగము తెలియకపోవుట ఒక దుఃఖము. తెలిసి చేతులు ముడుచుకొని కూర్చుండుట అంతకన్న పెద్ద దుఃఖము. 2000 అక్టోబరులో అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన చట్టముతో, ఈ పథకము క్రింద వ్యాధి బయటపడిన స్త్రీలకు పేదల వైద్యపథకమైన మెడికెయిడ్ ద్వారా చికిత్స ఇచ్చుటకు రాష్ట్రములకు వీలు కలిగినది. పరీక్షకును చికిత్సకును నడుమ వంతెన కట్టుటకు పదేళ్లు పట్టినది.

ఇక ఏ వయస్సువారికి, ఎన్నేళ్లకు ఒకసారి అన్న తగవు. పరీక్షవలన నష్టములును కలవు. లేని రోగము ఉన్నట్లు తోచి స్త్రీ వారముల తరబడి బెంగపడవచ్చును. ఎన్నడును ప్రాణహాని చేయని కణితికి శస్త్రచికిత్స జరుగవచ్చును. 1980లో ప్రారంభమై సుమారు 90,000 మందిని పరిశీలించిన కెనడా దేశపు పరిశోధనలో, చేతిపరీక్షకు మామోగ్రఫీ తోడగుటవలన మరణములు తగ్గినట్లు కనబడలేదు. ఆ ఫలితముపై నేటికిని వాదోపవాదములు సాగుచున్నవి. 1997 జనవరిలో జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిపించిన నిపుణుల మండలి, 40 మొదలు 49 ఏళ్లవారందరికిని ఈ పరీక్ష సిఫారసు చేయుటకు తగిన ఆధారము లేదన్నది. కొలది రోజులకే సెనేటు దానికి ఎదురుగా 98-0 ఓట్లతో తీర్మానించినది. శాస్త్రవిషయము శాసనసభలో ఓటుకు వచ్చిన సందర్భమిది.

2009 నవంబరులో ప్రభుత్వ నిపుణుల దళము మరల, 50 నుండి 74 ఏళ్లవారికి రెండేళ్లకు ఒకసారి చాలునని, 40 దాటినవారు తమ వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెనని సూచించినది. అప్పుడే కాంగ్రెసులో అధ్యక్షుడు ఒబామా ఆరోగ్య చట్టము చర్చకు వచ్చియున్నది. భీమా డబ్బు ఎగగొట్టుటకు ఇది సాకు అగునని దేశమంతట కలవరము పుట్టినది. మేరీలాండ్ సెనేటరు బార్బరా మికుల్‌స్కీ ప్రతిపాదించిన స్త్రీల ఆరోగ్య సవరణను సెనేటు 61-39 ఓట్లతో అంగీకరించినది. 2010 మార్చి 23న చట్టమైన ఆ శాసనము, నిపుణుల దళము గట్టిగ సిఫారసు చేసిన ముందస్తు పరీక్షలకు క్రొత్త భీమా పథకములు చందాదారునివద్ద అదనముగ ఏమియు వసూలు చేయక చెల్లింపవలెనన్నది. అయితే రొమ్ము క్యాన్సరు విషయములో 2009 నవంబరు నాటి సిఫారసును లెక్కలోనికి తీసికొనరాదని చట్టములోనే వ్రాసినారు. దళము మాట శిరోధార్యమనుచునే, ఆ ఒక్క మాటను మాత్రము ప్రక్కన బెట్టుట దీని విశేషము. 2024 ఏప్రిల్ 30న దళము తన మాట సవరించుకొని, 40 నుండి 74 ఏళ్లవరకు రెండేళ్లకు ఒకసారి పరీక్ష మేలని ప్రకటించినది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యముతో ఆ దళపు నియామకము రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పినది.

ఇంతటితో కథ ముగిసినట్లు తోచును. కాని ఇంకొక మెట్టు ఉన్నది. మొదటి ఛాయాచిత్రములో అనుమానము కలిగినచో రెండవ ఎక్స్-రే గాని, అల్ట్రాసౌండ్ గాని, ఎం.ఆర్.ఐ. గాని, ముక్క తీసి చూచు పరీక్ష గాని అవసరమగును. అప్పుడది ముందస్తు పరీక్ష కాదు, రోగనిర్ణయమే యని భీమా సంఘములు ఖర్చులో వాటా అడిగెడివి. 1965లో మెడికేర్ చట్టము గీసిన గీత అరువదేళ్ల తరువాత తలక్రిందులైనదన్నమాట: నాడు రోగనిర్ణయమైనచోనే డబ్బు, నేడు రోగనిర్ణయమైనచో సొంత జేబు. 2024 డిసెంబరులో సవరించిన ప్రభుత్వ మార్గదర్శకములు, ముందస్తు పరీక్ష పూర్తియగుటకు అవసరమైన ఈ తరువాతి పరీక్షలనుగూడ 2026లో ఆరంభమగు పథకములనుండి ఉచితముగ చేర్చవలెనని చెప్పినవి.

మన దేశమున తొలిమెట్టు వేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలసిన ఆరోగ్యశ్రీ, పేదలకు ఆసుపత్రిలో జరుగు పెద్ద చికిత్సల భారము తొలగించుటకు ఏర్పడినది. ముందస్తు పరీక్షకు 2016లో కేంద్రప్రభుత్వము సూచించిన మార్గము భీమా కాదు, యంత్రమును కాదు. 30 దాటిన స్త్రీలకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేయు చేతిపరీక్ష. బొంబాయి టాటా మెమోరియల్ వైద్యులు 1998లో ఆరంభించి, లక్షన్నరకు పైగా స్త్రీలను చేర్చుకొని, 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టి చేతిపరీక్షవలన రోగము తొలిదశలలో ఎక్కువగా బయటపడినది. 50 దాటినవారిలో మరణములు సుమారు 30 శాతము తగ్గినవి. అంతకు చిన్నవారిలో తగ్గలేదు. న్యూయార్కులో 59 క్యాన్సరులను కనిపెట్టిన వ్రేళ్లకు ఇచ్చట ఆరోగ్య కార్యకర్త వ్రేళ్లు వారసులైనవి.

స్ట్రాక్స్ వైద్యుని ప్రశ్న, గడ్డ చేతికి తగులక మునుపే చూడగలమా యన్నది. దానికి పది పదిహేనేళ్లలో జవాబు దొరకినది. చూచుటకు ఎవరు డబ్బు పెట్టవలెనన్న ప్రశ్నకు అరువదేళ్లు పట్టినది. ఆ అరువదేళ్లలో ఏ స్త్రీకి ఎప్పుడు రోగము తెలిసినదన్నది, ఆమె వయస్సునుబట్టియు, వ్యాధి తీరునుబట్టియు మాత్రమే కాక, ఆమె పెట్టెలోనున్న భీమా పత్రములో ఏ మాట వ్రాసియున్నదో దానినిబట్టి కూడ నిర్ణయమైనది. కావున ఎచ్చటనైనను, ఎవరైనను ఆరోగ్య పథకము ఒకటి తెచ్చి చూపినప్పుడు మనము అడుగవలసిన ప్రశ్నలు మూడు: పరీక్షకు ఎవరు చెల్లింతురు? అనుమానము కలిగినచో రెండవ పరీక్షకు ఎవరు చెల్లింతురు? రోగము తేలినచో చికిత్సకు ఎవరు చెల్లింతురు? మూడింటికిని జవాబు ఉన్నప్పుడే మొదటి పిలుపునకు అర్థముండును.